పది డాలర్ల కుర్చీ

1939లో హాలీవుడ్‌లో ఒక రచయిత తన స్క్రిప్టును పది డాలర్లకు అమ్మాడు. చేతిలో చిల్లిగవ్వ లేక కాదు. పారమౌంట్ స్టూడియోలో వారం వారం గట్టి జీతమే అందుకుంటున్నాడు. ఆ ఒక్క కథకు మాత్రం డబ్బు వద్దన్నాడు. కథ మీరు తీసుకోండి, డైరెక్షన్ నాకివ్వండి అన్నాడు. నామమాత్రంగా పది డాలర్లని రాసుకున్నారు.

ఆయన పేరు ప్రెస్టన్ స్టర్జెస్. ఆ కథ ‘ద గ్రేట్ మెగింటీ’. ఏళ్ల తరబడి ఎవరికీ అక్కర్లేక పడి ఉన్న కథ అది. 1940లో సినిమాగా వచ్చింది. ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకు అంటూ అకాడమీ వాళ్లు మొట్టమొదటిసారి అవార్డు పెట్టినప్పుడు అది దానికే దక్కింది. మాటల సినిమా వచ్చాక హాలీవుడ్‌లో రచయిత లేచి వెళ్లి డైరెక్టర్ కుర్చీలో కూర్చోవడానికి దారి వేసింది ఆ పది డాలర్లే. జాన్ హ్యూస్టన్, బిల్లీ వైల్డర్ ఆ దారినే ఆయన వెనక నడిచారు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు, 1959 ఆగస్టు 6న, న్యూయార్క్‌లో ఒక హోటల్ గదిలో ఆయన పోయాడు. ఆస్తులు ఎప్పుడో కరిగిపోయాయి. చివరి పదేళ్లలో తన దేశంలో ఒక్క సినిమా తీయలేదు. పేదరికంలో పోయిన కళాకారులు ఎందరో ఉన్నారు, ఈయన కూడా వాళ్లలో ఒకడని చెప్పి ఊరుకోలేను. తన మాట మీద పెత్తనం తనదే కావాలన్న పట్టు ఆయన్ను అంత ఎత్తుకు తీసుకెళ్లింది. కింద పడేసిందీ అదే పట్టు. అది తప్పని నేననలేను. అనగలిగితే ఈ కథ ఇంత బాధించేది కాదు.

ఆ పట్టు ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే ఆనాటి స్టూడియోలో రచయిత బతుకు చూడాలి. రచయిత అంటే జీతగాడు. పొద్దున్నే వచ్చి గదిలో కూర్చుని టైపు కొట్టాలి. ఒకడు రాసింది రెండోవాడు దిద్దేవాడు, రెండోవాడు దిద్దింది మూడోవాడి బల్ల మీదికి వెళ్లేది. సంభాషణలకు ఒకడు, హాస్యానికి ఒకడు, ముగింపు కుదరకపోతే ఇంకొకడు. తెర మీద ఎవరి పేరు పడుతుందో చివరిదాకా తెలియదు. సెట్టు మీద రచయితకు పనే లేదనేవారు.

స్టర్జెస్‌కు ఈ పద్ధతి మొదటిరోజు నుంచే గిట్టలేదు. 1933లో నిర్మాత జెస్సీ లాస్కీకి ఒక కథ చెప్పి, ఆయన సంగ్రహంగా రాసిమ్మంటే ఏకంగా షూటింగుకు సిద్ధమైన పూర్తి స్క్రిప్టు తెచ్చి ముందు పెట్టాడు. లాస్కీకి మార్చడానికేమీ కనపడలేదు. ఉన్నది ఉన్నట్టే తీయించాడు. దానికి జీతం కాకుండా వసూళ్లలో వాటా అడిగి పుచ్చుకున్నాడు స్టర్జెస్. అదే ‘ద పవర్ అండ్ ద గ్లోరీ’. ఒక రైల్వే కోటీశ్వరుడి అంత్యక్రియలతో కథ మొదలవుతుంది. ఒక పాత స్నేహితుడు చెప్పుకుంటూ పోతుంటే ఆ జీవితం ముందువెనకలుగా తెరుచుకుంటుంది. స్పెన్సర్ ట్రేసీ చేశాడు ఆ పాత్ర. ఇలాంటి కథనానికే పేరుపడ్డ ‘సిటిజన్ కేన్’ రావడానికి ఎనిమిదేళ్ల ముందు సంగతి ఇది. షూటింగ్ జరిగినన్నాళ్లూ స్టర్జెస్ సెట్టు మీదే ఉన్నాడు, తన ఖర్చుతో. అక్కడ ఆయన గమనించింది ఒక్కటే. డైరెక్టర్ వస్తే అందరూ లేచి నిలబడుతున్నారు. ఆ డైరెక్టర్ నటుల నోట పలికిస్తున్న మాటలన్నీ ఎవరివో ఎవరికీ పట్టలేదు. ఆ కుర్చీ మీద కోరిక అక్కడే పుట్టింది. దానికోసం మరో ఆరేళ్లు ఇతర డైరెక్టర్లకు రాస్తూ, వాళ్లు తన వాక్యాలను కత్తిరిస్తుంటే పళ్లు కొరుక్కుంటూ గడిపాడు.

ఆయన పుట్టింది షికాగోలో, 1898లో. తల్లి మేరీ డెస్టీ ఒక చోట నిలిచే మనిషి కాదు. కొడుకును వెంటేసుకుని యూరప్ చేరింది, నర్తకి ఇసడోరా డంకన్‌కు ప్రాణస్నేహితురాలైంది. పిల్లవాడు ఒక బడిలో కుదురుకునేలోగా ఇంకో ఊరు, ఇంకో భాష. పెంపుడు తండ్రి సాలమన్ స్టర్జెస్ షికాగోలో షేర్ల వ్యాపారి, నెమ్మదైన మనిషి. ఒక ఇంట్లో కళ, ఒక ఇంట్లో లెక్కలు. తల్లి నడిపిన సౌందర్య సాధనాల దుకాణంలో పనిచేస్తూ చెరిగిపోని లిప్‌స్టిక్ ఒకటి కనిపెట్టాడట కుర్రాడు. జీవితాంతం ఏదో ఒకటి కనిపెడుతూనే ఉన్నాడు. 1927లో నీస్ నగరంలో ఇసడోరా మెడకు చుట్టుకున్న పట్టు శాలువా కారు చక్రంలో పడి ఆమె ప్రాణం తీసింది. ఆ శాలువా కానుకగా ఇచ్చింది మేరీ డెస్టీయే. ఇంత విచిత్రమైన ఇంట్లో పెరిగినవాడి సినిమాల్లో హాస్యం పక్కనే ఎప్పుడూ ఒక ప్రమాదం నిలబడి ఉండటంలో వింతేముంది!

ముప్పై ఏళ్లు వచ్చేదాకా ఆయన రచయితే కాదు. అపెండిసైటిస్ ఆపరేషనయి మంచం మీద ఉన్నప్పుడు నాటకాలు రాద్దామని బుద్ధి పుట్టింది. 1929 సెప్టెంబరులో ‘స్ట్రిక్ట్‌లీ డిసానరబుల్’ బ్రాడ్‌వే ఎక్కింది. మరుసటి నెల షేర్ మార్కెట్ కుప్పకూలింది, నాటకం మాత్రం నిలబడింది. 557 ప్రదర్శనలు. రాత్రికి రాత్రి పేరు, డబ్బు వచ్చిపడ్డాయి. ఆ తర్వాత నాటకాలు వరసగా పోయాయి. సంపాదించింది వాటిలోనే పోసి, ఖాళీ చేతులతో హాలీవుడ్ బండెక్కాడు. వచ్చినంత వేగంగా పోగొట్టుకోవడం, పోయినదాని గురించి వెనక్కి తిరిగి చూడకపోవడం ఆయనకు అప్పుడే అలవాటయ్యాయనిపిస్తుంది.

ఇక ఆ నాలుగేళ్లు.

1940 నుంచి 1943 చివరిదాకా పారమౌంట్‌లో ఆయన రాసి తీసినవి ఎనిమిది. ‘క్రిస్మస్ ఇన్ జులై’, ‘ద లేడీ ఈవ్’, ‘సలివన్స్ ట్రావెల్స్’, ‘ద పామ్ బీచ్ స్టోరీ’, ‘ద మిరకిల్ ఆఫ్ మోర్గన్స్ క్రీక్’, ‘హెయిల్ ద కాంకరింగ్ హీరో’... అమెరికన్ హాస్యచిత్రాల్లో పది గొప్పవి ఎంచమంటే వీటిలో రెండు మూడైనా ఉండకుండా ఎవరూ ఎంచలేరు. నాలుగేళ్లలో, ఒకే మనిషి, ఒక్క అక్షరం ఇంకొకరి చేత రాయించుకోకుండా. రాత్రుళ్లు గదిలో పచార్లు చేస్తూ, పాత్రలన్నీ తానే నటిస్తూ, ఒక్కో గొంతులో ఒక్కోలా మాట్లాడుతూ చెప్పేవాడు. సెక్రటరీ టైపు చేసుకునేవాడు. తెల్లారేసరికి దృశ్యాలు సిద్ధం.

‘మెగింటీ’ కథనే చూడండి. ఎన్నికల రాత్రి, ఉచితంగా సూపు పోసే చోట నిలబడ్డ ఒక బికారి. దొంగ ఓటుకు రెండు డాలర్లు ఇస్తామంటే ఊరంతా తిరిగి 37 ఓట్లు వేసి వస్తాడు. వాడి చురుకుదనం చూసి రాజకీయ పెద్ద ముచ్చటపడి చేరదీస్తాడు. బికారి మేయరవుతాడు, గవర్నరూ అవుతాడు. భార్య మాట విని గవర్నర్ కుర్చీలో ఒక్క నిజాయితీ పని చేయబోతాడు. అంతటితో పతనం. దేశం విడిచి పారిపోయి ఎక్కడో ఉష్ణమండలపు ఊళ్లో సారా దుకాణంలో గ్లాసులు కడుగుతుంటాడు. వినోదం కోసం రాసిన కథే, కానీ లోపలి బరువు గమనించారా? చెడ్డపనులన్నీ కలిసి చేయలేని హాని ఒక్క మంచిపని చేసింది. స్టర్జెస్ ఈ సంగతిని మళ్లీ మళ్లీ రాశాడు.

ఆ సినిమాలన్నిటిలో ఒకే ముఖాలు కనిపిస్తాయి. విలియం డిమరెస్ట్, జిమ్మీ కాన్లిన్, ఫ్రాంక్లిన్ పాంగ్‌బార్న్, రాబర్ట్ గ్రీగ్, అల్ బ్రిడ్జ్. మధ్యవయసు దాటిన చిన్న నటులు. వేరే సినిమాల్లో తలుపు తీసి వెళ్లిపోయే పాత్రలు వాళ్లవి. స్టర్జెస్ దగ్గర బట్లర్‌కు కూడా ఒక వాదన ఉంటుంది, టికెట్లు చించేవాడికీ ఒక కోపం ఉంటుంది. ఎప్పుడూ అవే ముఖాలేమిటని స్టూడియో విసుక్కుంది. నా మొదటి విజయాలకు వీళ్లు చెమటోడ్చారు, తర్వాతి సినిమాల్లో పని దొరకడం వీళ్ల హక్కు అన్నది ఆయన వాదం. ఆ వాదన ఆయన వదల్లేదు. నేను ఆయన్ను అభిమానించడం మొదలుపెట్టింది సినిమాల వల్ల కాదు, ఈ ఒక్క మాట వల్ల.

‘సలివన్స్ ట్రావెల్స్’లో హాస్యచిత్రాలు తీసే ఒక డైరెక్టర్ ఇకమీదట పేదల కష్టాల మీద గంభీరమైన సినిమా తీస్తానంటాడు. చిరిగిన బట్టలేసుకుని దేశం మీద పడతాడు. చివరికి నిజంగానే గొలుసుల ఖైదీ అవుతాడు. ఒక రాత్రి ఖైదీలను నల్లవాళ్ల చర్చికి సినిమా చూపించడానికి తీసుకెళ్తారు. గొలుసులు ఈడ్చుకుంటూ వాళ్లు వస్తుంటే, వచ్చేవాళ్లను చిన్నచూపు చూడవద్దని పాస్టర్ తనవాళ్లకు చెబుతాడు. తెర మీద డిస్నీ వారి కుక్కబొమ్మ. అందరూ నవ్వుతారు. సలివన్ కూడా నవ్వుతాడు, నవ్వుతున్నానని గమనించి ఉలిక్కిపడతాడు. నల్లజాతివారిని తెర మీద వెకిలిగా చూపడమే రివాజైన కాలమది. ఆ దృశ్యంలోని మర్యాదకు కృతజ్ఞత చెబుతూ నల్లజాతివారి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ కార్యదర్శి వాల్టర్ వైట్ ఉత్తరం రాశాడు.

ఈ నాలుగేళ్ల వెనక ఒక మనిషి అండ ఉంది. పది డాలర్ల ఒప్పందానికి సరేనన్న పారమౌంట్ ప్రొడక్షన్ పెద్ద విలియం లెబారన్. ఆయన స్టర్జెస్‌ను తన మానాన పని చేసుకోనిచ్చాడు. 1941లో ఆయన వెళ్లిపోయి, ఆ స్థానంలోకి బడ్డీ డిసిల్వా వచ్చాడు. పాటల రచయితగా పేరున్నవాడు, సినిమా నాడి తనకు తెలుసనుకునేవాడు. ఇద్దరికీ పడలేదు. సినిమాలు ఆడినన్నాళ్లూ ఆ వైరం లోపల లోపలే ఉంది. బయటపడింది ‘ద గ్రేట్ మొమెంట్’ దగ్గర.

ఇది హాస్యచిత్రం కాదు. విలియం మోర్టన్ అనే పళ్ల డాక్టరు కథ. 1846 అక్టోబరు 16న బాస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లో ఈథర్ మత్తు ఇచ్చి, నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేయించి చూపినవాడు. అంత మేలు చేసినవాడు వ్యాజ్యాలలో, అవమానాలలో నలిగి అప్పులపాలై పోయాడు. స్టర్జెస్ ఈ కథను తలకిందులుగా చెప్పాడు. ముందు పతనం. మోర్టన్ చనిపోయాడు, భార్య ఆ రోజులు తలుచుకుంటోంది. అక్కడి నుంచి వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్తాం. చివరి దృశ్యానికి వచ్చేసరికి మోర్టన్ ఇంకా యువకుడు, భాగ్యం ఇంకా చేతిలోనే ఉంది. ఆ మందు ఏమిటో చెబితే తప్ప వాడనివ్వమని వైద్యులు పట్టుబట్టారు. చెప్పేస్తే హక్కులు పోతాయి, డబ్బు పోతుంది. బయట వరండాలో ఒక పనిపిల్ల కూర్చుని ఉంది. ఆమె కాలు తీసేయబోతున్నారు, మత్తు లేకుండా. మోర్టన్ ఆ పిల్లతో రెండు మాటలు మాట్లాడతాడు. తలుపు తోసుకుని లోపలికి వెళ్తాడు, రహస్యం చెప్పేయడానికి. అక్కడితో సినిమా అయిపోతుంది. ఆ ఒక్క నిమిషానికి ఆయన ఏమేం చెల్లించాడో మనం ముందే చూసేశాం. వరస మామూలుగా ఉండి ఉంటే ఇది విజయం తర్వాత వచ్చిన కష్టాల కథ అయ్యేది. స్టర్జెస్ వరసలో అది ఒక మనిషి తెలిసి తెలిసి తన బతుకును ధారపోసిన కథ.

స్టూడియోకు ఇది ఎక్కలేదు. రెండేళ్లు అటకెక్కించారు. ముందుమాట మార్చారు, ముక్కలు అటూ ఇటూ జరిపారు, పేరు మార్చారు, నవ్వులాటగా ఉన్న దృశ్యాలను ముందుకు తోశారు. 1944లో విడుదల చేస్తే జనానికి ఏమీ అర్థం కాలేదు. పారమౌంట్‌లో ఆయనకు దెబ్బతిన్న మొదటి సినిమా అది.

విడుదలకు ముందే, 1943 చివర్లో, కొత్త ఒప్పందం దగ్గర మాటలు తెగిపోయాయి. ఒక్కో సినిమా పూర్తయ్యాక, ఇష్టం లేకపోతే వెళ్లిపోయే వీలు తనకు ఉండాలన్నాడు. కుదరదన్నారు. లేచి వచ్చేశాడు. ఆయన వచ్చేశాక ‘హెయిల్ ద కాంకరింగ్ హీరో’ను కూడా వాళ్లు కత్తిరించి ఒక ప్రివ్యూ వేశారు. అది బెడిసికొట్టింది. స్టర్జెస్ పైసా తీసుకోకుండా వెనక్కి వెళ్లి, తీయాల్సినవి మళ్లీ తీసి, సినిమాను చక్కదిద్ది ఇచ్చి వచ్చాడు. ఆ సినిమా, ‘మోర్గన్స్ క్రీక్’ రెండూ ఒకే ఏడాది స్క్రీన్‌ప్లే అవార్డుకు పోటీలో నిలిచాయి. తనను వద్దనుకున్న ఇంటికి జీతం లేకుండా వెళ్లి పనిచేసి వచ్చినవాణ్ణి పొగరుబోతని ఎలా అంటారో నాకు అర్థం కాదు. అప్పట్లో హాలీవుడ్ అనుకున్నది మాత్రం అదే.

బయట ఆయన కోసం హవర్డ్ హ్యూస్ ఎదురుచూస్తున్నాడు. విమానాల కోటీశ్వరుడు. ఇద్దరూ కలిసి 1944లో కాలిఫోర్నియా పిక్చర్స్ పెట్టారు. స్వేచ్ఛ ఇస్తానన్నాడు హ్యూస్, ఇచ్చాడు కూడా. అయితే తాళాలు తన దగ్గరే పెట్టుకున్నాడు. స్టూడియోలో పెత్తనం చేసేవాడు ఒకడుంటే వాడిమీద ఇంకొకడు ఉంటాడు, వాదించడానికి ఒక గది, ఒక పద్ధతి ఉంటాయి. హ్యూస్‌కు పైన ఎవరూ లేరు. స్టర్జెస్ చేసిన తప్పంటూ ఉంటే ఇదొక్కటే అంటాను. పది డాలర్లకే కథ ఇచ్చేసి కొనుక్కున్న హక్కును ఒక మనిషి మాట మీద నమ్మకంతో తాకట్టు పెట్టాడు.

మూకీల నాటి హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్‌ను విశ్రాంతి నుంచి లేపి తీసుకొచ్చి ‘ద సిన్ ఆఫ్ హెరాల్డ్ డిడిల్‌బాక్’ తీశాడు. లాయిడ్ 1925 నాటి సినిమా ‘ద ఫ్రెష్‌మన్’లోని ఫుట్‌బాల్ ఆటతో మొదలవుతుంది. ఆ రోజు గెలిపించిన కుర్రాడికి ఒక పెద్దమనిషి ఉద్యోగమిస్తాడు. ఆ బల్ల దగ్గరే 22 ఏళ్లు. గోడ నిండా నీతివాక్యాలు. ఆఫీసులో ఒకరి తర్వాత ఒకరుగా పనికి వచ్చిన అక్కచెల్లెళ్లు ఏడుగురినీ వరసగా ప్రేమిస్తాడు, ఒక్కరికీ చెప్పలేకపోతాడు. ఉద్యోగం ఊడిన రోజు, ఎప్పుడో కొని దాచుకున్న ఉంగరాన్ని ఏడో అమ్మాయి చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. తర్వాత బార్‌లోకి అడుగుపెడతాడు, జీవితంలో మొదటిసారి. ఎన్నడూ తాగని మనిషి వచ్చాడని విన్న బార్‌మన్ కళ్లు మెరుస్తాయి. వాడు తన విద్యంతా ఒలకబోసి, ఆయన పేరుతోనే ఒక పానీయం కలుపుతాడు. వయసు మళ్లిన లాయిడ్ ముఖంలో ఆ కాసేపు కనిపించే వెలుగు స్టర్జెస్ తీసిన అత్యుత్తమ ఘట్టాల్లో ఒకటి.

1946లో ఇద్దరి మధ్యా పొత్తు చెడింది. ‘వెండెట్టా’ అనే ఇంకో సినిమా మధ్యలో హ్యూస్ ఆయన్ను తీసేశాడు. 1947లో ‘డిడిల్‌బాక్’ కొన్ని ఊళ్లలో ఆడిందో లేదో, వెనక్కి లాగేశాడు. మూడేళ్లు దగ్గర పెట్టుకుని, కోసి, ‘మ్యాడ్ వెన్స్‌డే’ అని పేరు మార్చి వదిలాడు. ఎవరూ చూడలేదు.

ఫాక్స్ స్టూడియో పెద్ద డారిల్ జానక్ పిలిచి పెద్ద జీతమిచ్చాడు. అక్కడ తీసిన ‘అన్‌ఫెయిత్‌ఫుల్లీ యువర్స్’ గొప్ప సినిమా, ఇవాళ ఎవరైనా ఒప్పుకుంటారు. ఒక సంగీత నిర్దేశకుడికి భార్య మీద అనుమానం. వేదిక మీద రొస్సీనీ, వాగ్నర్, చైకోవ్‌స్కీ వాయిస్తుంటే, ఒక్కో సంగీతానికి ఒక్కో ఊహ. మొదటిదానిలో హత్య, రెండోదానిలో క్షమ, మూడోదానిలో ప్రాణత్యాగం. ఊహలో అన్నీ చెప్పినట్టు జరుగుతాయి. ఇంటికొచ్చి నిజంగా చేయబోతే కుర్చీ విరుగుతుంది, రికార్డింగ్ యంత్రం మాట వినదు, ఫోన్ తీగ కాలికి చుట్టుకుంటుంది. రెక్స్ హారిసన్ ఆ పాత్ర చేశాడు. 1948 జులైలో నటి కారొల్ లాండిస్ ఆత్మహత్య చేసుకుంది, హారిసన్‌తో ఆమె సంబంధం పత్రికలకెక్కింది. భార్యను చంపాలనుకునేవాడి హాస్యకథను ఆ నటుడితో ఆ నెలల్లో ఎవరు చూస్తారు? నవంబరులో విడుదలై దెబ్బతింది. మరుసటి ఏడాది బెటీ గ్రేబుల్‌తో తీసిన రంగుల చిత్రం దానికంటే ఘోరంగా పడింది. ఆ రెండో సినిమాను వెనకేసుకు రాలేను, అందులో ఆయన లేడు. జానక్ తలుపు మూసుకుంది. అప్పటికి స్టర్జెస్ వయసు యాభై.

డబ్బంతా ఎటు పోయిందంటే ఎక్కువగా ఒకే దారిన పోయింది. సన్‌సెట్ బులవార్డ్ మీద 8225 నంబరు. 1940లో ఆయన అక్కడ ‘ద ప్లేయర్స్’ అని రెస్టారెంటు తెరిచాడు. మూడు అంతస్తులు. హంఫ్రీ బొగార్ట్ వచ్చేవాడు, హ్యూస్ వచ్చేవాడు, ఊళ్లోని రచయితలంతా అక్కడే చేరేవారు. స్టర్జెస్ చేతికి ఎముక లేదు. స్నేహితులను బిల్లు కట్టనిచ్చేవాడు కాదు. ఎప్పటికప్పుడు కొత్త వేదికలు, కొత్త యంత్రాలు, చివరికి భోజనం చేస్తూ చూసే నాటకశాల. ఇంకోపక్క డీజిల్ ఇంజన్ల కంపెనీ ఒకటి. సినిమాల్లో వచ్చిందంతా అటు పోయింది, సినిమాలు ఆగిపోయాక అప్పులు ఆ దారినే వెనక్కి వచ్చాయి. 1953లో రెస్టారెంటు చేజారింది. పన్నుల బాకీలు మెడకు చుట్టుకున్నాయి. లెక్కలు తెలిసినవాళ్లు ఆయన్ను దుబారా మనిషన్నారు. కావచ్చు. చిన్న నటులను మళ్లీ మళ్లీ పిలిచిన చెయ్యీ, ఆ బిల్లులు చింపేసిన చెయ్యీ ఒకటే కదా.

పూలమ్మిన చోట కట్టెలమ్మడమంటే ఎలా ఉంటుందో ఆ తర్వాతి ఏళ్లు చూపించాయి. రాసుకున్న స్క్రిప్టులు పట్టుకుని తిరిగితే కొనేవారు లేరు. బ్రాడ్‌వేకు తిరిగి వెళ్లి 1953లో ‘కార్నివాల్ ఇన్ ఫ్లాండర్స్’ అనే సంగీత నాటకాన్ని నెత్తికెత్తుకున్నాడు. ఆరు ప్రదర్శనలు. ఒకప్పుడు 557 చూసిన ఊరది. క్యాథరిన్ హెప్‌బర్న్ కోసం బెర్నార్డ్ షా నాటకం ‘ద మిలియనీరెస్’కు స్క్రీన్‌ప్లే రాశాడు. ఆమె డబ్బు కోసం ఎంత తిరిగినా పెట్టేవాడు దొరకలేదు. పారిస్ చేరాడు. చిన్నప్పుడు తల్లి వెంట నేర్చిన ఫ్రెంచి అక్కడ అన్నం పెట్టింది. 1955లో ఫ్రెంచి, ఇంగ్లీషు రెండింట్లో తీసిన ‘మేజర్ థామ్సన్’ కథే ఆయన చివరి చిత్రం. ఫ్రాన్సులో నడిచింది గానీ అమెరికాను కదిలించలేదు.

1958లో బాబ్ హోప్ నటించిన ‘పారిస్ హాలిడే’లో ఒక చిన్న పాత్ర ఉంది, ఫ్రెంచి నాటక రచయితది. దాన్ని వేసింది స్టర్జెస్. జుట్టు నెరిసింది, ఒళ్లు బరువెక్కింది, గొంతు మాత్రం నిబ్బరంగానే ఉంది. ఇంకొకరు రాసిన మాటలు, ఇంకొకరి డైరెక్షన్. ఆ సినిమా గొప్పదేం కాదు. అయినా ఆ కాసేపు తెర మీద ఆయన్ను చూస్తే నాకు గొంతు పూడుకుపోతుంది.

1959లో న్యూయార్క్ ఆల్గాంక్విన్ హోటల్లో దిగి, ఒక ప్రచురణ సంస్థ కోసం ఆత్మకథ మొదలుపెట్టాడు. తన చావుకు దారితీసిన సంఘటనలు అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు దానికి. ఎప్పట్లాగే చెప్పి రాయించుకుంటూ పోయాడు. ఆగస్టు 6 రాత్రి భోజనం సరిపడలేదని, గుండెల్లో మంటగా ఉందని, మందు వేసుకుని కాసేపు నడుం వాలుస్తానని అందులోనే రాశాడు. అది అజీర్తి కాదు, గుండెపోటు. అరవై ఒకటో పుట్టినరోజు ఇంకా మూడు వారాలుంది.

భార్య శాండీ ఆ కాగితాలను కాపాడి, కూర్చి, 1990లో పుస్తకంగా వేయించింది. ‘సలివన్స్ ట్రావెల్స్’లో ఆ డైరెక్టర్ తీయాలనుకుని తీయలేకపోయిన గంభీరమైన సినిమా పేరు ‘ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?’. 2000లో కోయెన్ సోదరులు ఆ పేరుతోనే సినిమా తీశారు. హ్యూస్ కోసేసిన ‘డిడిల్‌బాక్’ అసలు రూపంలో మళ్లీ జనం ముందుకు వచ్చింది. రానిది ‘ద గ్రేట్ మొమెంట్’. ఇవాళ మనం చూసేది పారమౌంట్ జరిపిన ముక్కల వరసే. స్టర్జెస్ రాసిన స్క్రిప్టును మాత్రం ఇతర స్క్రిప్టులతో కలిపి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రెస్ 1995లో అచ్చువేసింది. పతనం ముందు, పనిపిల్ల చివర, ఆయన పెట్టిన వరసలోనే ఉన్నాయి అందులో. ఎవరూ ఒక్క వాక్యం జరపలేదు.